పిలవకుండానే ఆగిపోయిన పెట్టె

మా మేడ మీద అద్దెకున్నవాళ్ల కోడలు పంపు హౌసులోని పెట్టెను గుడ్డసంచిలో పెట్టుకుని ఎత్తుకుపోయిందనీ, ఆమె దొంగతనం చేస్తుంటే పంపు బాబాయి వాకిట్లో కాపలా కాశాడనీ, అందుకే మా వీధికి నీళ్లు ఆగిపోయాయనీ, ఆఖరికి ఆమె పనిచేసే కంపెనీ వాళ్లు ఆమెను బయటికి గెంటేశారనీ కుళాయి వరసలో చెప్పుకుంటున్నారు. వరసలో ముందున్నవాళ్లు ఒకలా చెబుతుంటే, బిందె నిండేసరికి వెనకున్నవాళ్ల దగ్గర అది ఇంకోలా తయారవుతోంది. నిన్నటికి పెట్టెతోపాటు మోటారు కూడా పోయింది. రేపటికి పంపు హౌసు గోడలు కూడా సంచిలో పట్టేటట్టున్నాయి.

ఆ సంచి నాది. ఒక పిడి ఆమె పట్టుకుంటే రెండో పిడి నేను పట్టుకున్నాను. పట్టపగలు, అందరూ చూస్తుండగా, నడివీధిలోంచి తెచ్చాం. కాబట్టి ఈ సంగతి చెప్పడానికి నాకంటే తగినవాళ్లు లేరు. అయితే ముందే ఒక మాట చెప్పాలి. జరిగిందంతా నా కళ్లముందే జరిగింది, కానీ అందులో సగం నాకిప్పటికీ అర్థం కాలేదు. అర్థమైన సగమైనా సరిగ్గా చెబుతాను.

ఈ కోడలిని వీధిలో అందరూ బోర్డు కోడలు అంటారు. ఆకుపచ్చ రేకుల్లాంటి బోర్డులు, వాటినుంచి వేలాడే తీగలు ఆమె కిటికీ దగ్గరి బల్ల నిండా ఉంటాయి. ఒక్కదానికీ మూత ఉండదు. ఆ బల్ల మీద మాత్రం తీగ తీగనీ రంగుల వారీగా చుట్టి పెడుతుంది. వంటింట్లో డబ్బాలు కూడా అంతే, పొడుగువన్నీ ఒక పక్క, పొట్టివన్నీ ఒక పక్క. "మా కోడలు సర్దిందంటే నేను ఉప్పు కూడా అడిగి తీసుకోవాల్సిందే వదినా" అని ఆమె అత్తగారు నా దగ్గర గొప్పగానూ చెబుతుంది, ఏడుపుగానూ చెబుతుంది. కొడుకు రొట్టెల బట్టీలో పని, తెల్లారకుండానే వెళ్లిపోతాడు. ఇక రోజంతా అత్తాకోడళ్లు, మధ్యలో ఆ బోర్డులు.

వాళ్లు దిగిన కొత్తలోనే నాకు అనుమానం వచ్చింది. ఫోనులో ఈ పిల్ల ఎప్పుడూ చెట్టు సంగతే మాట్లాడేది. చెట్టులో పెట్టాను, చెట్టు చూసుకోండి, ఆ కొమ్మ తీసెయ్యండి అంటుంది. మేడ మీద చూస్తే తులసంత మొక్క కూడా లేదు. ఊరుకోలేక మెట్లెక్కి వెళ్లాను.

"ఏ చెట్టే అది?" అన్నాను.

"ఇదిగో పెద్దమ్మా" అని కంప్యూటరు నావైపు తిప్పింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, మధ్య మధ్యలో మెలికల గీతలు. "ఇది వేరు. దీని కింద ఇవన్నీ కొమ్మలు. ఈ పెట్టెలో ఏ సామాను ఎక్కడుంది, దేన్ని ఎలా వాడాలి అనేది ఇందులో రాసుంటుంది."

"వేరు పైనుందేం?"

"మా చెట్లింతే."

"మరి నువ్వు చేసే పనేమిటి?"

"ఇంట్లో అందరికంటే ముందు లేచి మిగతావాళ్లను లేపేవాళ్లు ఒకరుంటారు కదా. పెట్టెలో కూడా కరెంటు రాగానే ముందు లేచేదొకటి ఉంటుంది. బూట్‌లోడరు అంటారు. అది ఎలా లేవాలో, మిగతావాటిని ఎప్పుడు లేపాలో నేను ఈ చెట్టులో రాస్తాను."

"మీ ఇంట్లో అలా లేచేది మీ అత్తగారు కదా" అన్నాను.

"ఆవిడకు నేను రాయక్కర్లేదు పెద్దమ్మా" అంది. లోపలి గదిలోంచి ఆవిడ దగ్గింది.

ఆ రోజు మెట్లు దిగుతుంటే అంతా అర్థమైనట్టే అనిపించింది. కిందికొచ్చి మా ఇంట్లో చెప్పబోతే ఒక్క ముక్క నోటికి రాలేదు.

ఇక పంపు సంగతి. పంపు బాబాయిని మా వీధిలో ఎరగనివాళ్లు లేరు. పంపు హౌసును ఆనుకుని ఒకే ఒక్క గది, అందులో ఆయనా ఆయన భార్యా ఉంటారు. తెల్లవారుజామున కరెంటు పోయి వస్తుంటుంది మాకు. మునుపు కరెంటు రాగానే ఆయన లేచి పెద్ద మీట పైకెత్తేవాడు, నీళ్లొచ్చేవి. తర్వాత నీళ్ల ఆఫీసువాళ్లు గోడకు ఒక పెట్టె తగిలించారు. ఇకమీద అన్నీ అదే చూసుకుంటుంది, నువ్వు కాపలా ఉంటే చాలు అన్నారు. అది తయారుచేసింది మా బోర్డు కోడలి కంపెనీయే.

పెట్టె వచ్చాక కొన్ని పొద్దుల్లో పంపు లేవడం మానేసింది. కరెంటు వచ్చినా దీపం ఎర్రగా వెలుగుతూ కూర్చునేది. బాబాయి దాని మీట ఆర్పి మళ్లీ వేస్తే ఒకసారి లేచేది, ఒకసారి లేచేది కాదు. ఆలోగా వీధంతా ఖాళీ బిందెలతో తిట్లు మొదలుపెట్టేది. ఆఫీసు నుంచి సూపర్‌వైజరు వచ్చి చూసేసరికి పెట్టె బుద్ధిగా పనిచేసేది. "పెట్టె బాగానే ఉంది, నువ్వే నిద్రపోతున్నావు" అని ఆయన తేల్చేశాడు. ఇంకొక్క పొద్దు నీళ్లు రాకపోతే పని తీసేస్తాననీ, గది ఖాళీ చెయ్యాలనీ చెప్పి వెళ్లిపోయాడు.

బాబాయి మా వరండాలో కూలబడి, "నేను నిద్రపోలేదక్కా. పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చుని మరీ చూశాను. అది లేవలేదు. చెబితే మా ఆవిడే నమ్మడం లేదు" అన్నాడు.

"ఆవిడెందుకు నమ్మదు తమ్ముడూ?"

"మామూలుగా గురక పెడతాను కదా. కూర్చుని కూడా పెడతానంటుంది."

నేను మేడ మీదికి కేకేశాను. బోర్డు కోడలు కంప్యూటరు చంకలో పెట్టుకుని దిగింది. ముగ్గురం పంపు హౌసుకు వెళ్లాం. ఆమె పెట్టె మూత తీసి, ఒక మూలనున్న చిన్న కన్నంలో తీగ గుచ్చి, దాని రెండో కొస కంప్యూటరుకు తగిలించింది. బాబాయిని కరెంటు ఆర్పి వెయ్యమంది. తెర మీద అక్షరాలు జలజలా రాలాయి, దీపం పచ్చబడింది, మోటారు గుర్రుమంది. మళ్లీ ఆర్పి వేశాడు. మళ్లీ పచ్చదీపం. ఆయన చెయ్యి నొప్పెట్టేదాకా వేయించింది. ఒక్కసారైనా మొరాయించలేదు.

"పెట్టెలో తప్పేమీ కనబడటం లేదు బాబాయ్" అంది మెల్లగా.

ఆయన కుర్చీ తెచ్చి ఆమెకు వేసి, తను గుమ్మం మీద కూర్చున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయితే ఈయన అబద్ధమాడుతున్నాడంటావా?"

"అనను పెద్దమ్మా."

"మరి పెట్టె అబద్ధమాడుతోందా?"

"అదీ అనను." ఆమె మొహంలో ఎప్పుడూ చూడని బిత్తరపాటు కనబడింది. "నాకేమీ పాలుపోవడం లేదు. పెట్టెను ఇంటికి తీసుకెళ్లి చూస్తాను. బాబాయ్, ఈలోగా పాత మీటతో నడపగలవా?"

"అది నడపడం నా చేతికి తెలుసమ్మా" అన్నాడు ఆయన. అప్పుడే నేను ఇంటికెళ్లి సంచి తెచ్చాను. పెట్టె మా మేడ మీద ఉన్నన్ని రోజులూ నీళ్లు వేళకే వచ్చాయి. ఆ సంగతి మాత్రం కుళాయి దగ్గర ఒక్కరికీ గుర్తులేదు.

ఇంట్లో కూడా పెట్టె బంగారంలా లేచింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి పెట్టెనే చూస్తూ కూర్చుంది. అత్తగారు టీ తెచ్చిపెట్టి, "కోడలా, దానికి దిష్టి తగిలిందేమో" అంది. ఆమె వినిపించుకోలేదు. నేను మాత్రం ఎప్పటిలా ఊరుకోలేక, ఏ పొద్దు లేచిందో ఏ పొద్దు లేవలేదో బాబాయిని పిలిపించి అడిగాను. ఆయన వేళ్లు మడిచి గుర్తుచేసుకుంటూ, "పక్కన తెల్లవారుజామునే తిప్పే పిండిమర సెలవైన రోజు మాత్రం ఎప్పుడూ ఆగలేదక్కా" అన్నాడు. పంపు హౌసుకూ పిండిమరకూ మధ్య ఒకటే గోడ.

బోర్డు కోడలు లేచి నిలబడింది. "పెద్దమ్మా, మీ మిక్సీ తిప్పితే టీవీలో బొమ్మ వణుకుతుందని తిట్టుకుంటారు కదా. అది ఒకసారి తెస్తారా?"

పెట్టె చెడిపోతే మిక్సీ ఎందుకో నాకు తెలియలేదు. అయినా తెచ్చాను. ఆమె పెట్టెకు గుచ్చిన తీగ పీకేసింది. మిక్సీని అదే ప్లగ్గుబోర్డుకు తగిలించి, గిన్నెలో కాస్త పంచదార పోయించింది. అత్తగారిని మిక్సీ దగ్గర నిలబెట్టి, "ఆపమనేదాకా తిప్పుతూనే ఉండండి అత్తయ్యా" అని చెప్పి పెట్టెకు కరెంటు ఇచ్చింది.

దీపం ఎర్రగా వెలిగింది. ఎర్రగానే ఉండిపోయింది.

"ఆపెయ్యనా?" అని అత్తగారు అరుస్తోంది. బాబాయి వంగి దీపాన్ని చూసి, "ఇదే. పొద్దున్నే నేను చూసేది ఇదే" అన్నాడు. ఆ మాట అంటూ ఆయన నావైపు తిరిగి చూసిన చూపు నేను మర్చిపోను. ఆయన మీద ఆయనకే అనుమానం వచ్చేసి ఉండాలి అప్పటికి.

ఆమె తీగ మళ్లీ తగిలించి చూసింది, మిక్సీ తిరుగుతున్నా పచ్చదీపం. తీసేస్తే ఎర్రదీపం. పంచదార పొడి అయిపోయి, పొడి కాస్తా గిన్నెకు అంటుకుపోయేదాకా అలా చేసింది. తర్వాత మాకు చెప్పింది.

"కరెంటు రాగానే ముందు లేచేది, మిగతావాటిని లేపేముందు కాస్త ఆగుతుంది. ఎవరైనా ఏమైనా చెప్పాలనుకుంటున్నారేమో అని చూస్తుంది. ఆ కాస్తలో ఈ కన్నంలోంచి ఒక్క అక్షరం వచ్చినా చాలు, ఎవరో పిలిచారనుకుని పనంతా ఆపేసి, ఏం కావాలో చెప్పమని కూర్చుంటుంది. కన్నం ఖాళీగా ఉంటే పిండిమర మోటారు గోల అందులో దూరుతోంది. అదే పిలుపనుకుంటోంది. నేను తీగ గుచ్చినప్పుడు కన్నం మూసుకుపోయింది, గోల లోపలికి రాలేదు. అంటే నేను చూసినప్పుడల్లా బాగుంది, చూడనప్పుడల్లా చెడింది."

"పిలిచిందెవరూ?" అంది అత్తగారు, మిక్సీ పట్టుకునే.

"ఎవరూ లేరు అత్తయ్యా."

"ఎవరూ పిలవకపోతే ఎందుకాగిందీ?"

"అందుకేగా ఇంత గొడవ."

నాకు ఒకటి మింగుడు పడలేదు. "అసలు దాన్ని ఆగమని ఎవరు చెప్పారు? ఆగకుండా తిన్నగా లేవమని రాయొచ్చుగా నీ చెట్టులో."

"రాశాను పెద్దమ్మా. ఆగొద్దు, ఎవరి మాటా వినొద్దు అని నేనే..." అంటూ కంప్యూటరు వైపు తిరిగింది. మాట మధ్యలోనే ఆగిపోయింది. నేను కూడా వంగి చూశాను. అవే అక్షరాలు, అవే మెలికల గీతలు. ఆమె మెడ మాత్రం ఎర్రబడింది.

"రాశాను. కానీ వేరే కొమ్మ మీద రాశాను" అంది.

అది ఎలా జరిగిందో నాకు ఎన్నోసార్లు చెప్పించుకున్నాను. ఆగాలా వద్దా అనే మాట కోసం వేరుకు ఆనుకుని ఒక్క కొమ్మ ఉంటుందట. ఆ పెట్టె అక్కడ మాత్రమే చూస్తుంది. ఆమె మొదట అక్కడే రాసింది. పెట్టెలు కంపెనీ నుంచి బయటికి పంపేముందు చెట్టంతా చిందరవందరగా ఉందని సర్దడానికి కూర్చుంది. లేవడానికి సంబంధించిన మాటలన్నీ ఒకచోటుంటే శుభ్రంగా ఉంటుందని ఆ మాటను కూడా తీసి, పక్కనే అలాగే కనబడే ఇంకో కొమ్మ మీద పెట్టింది. అక్షరం మారలేదు, అంకె మారలేదు. చోటు మారింది.

"మరి తప్పు చోట పెట్టావని అది చెప్పదా?" అన్నాను.

"చెప్పదు. ఇది నాకు కాదు, ఇంకెవరికో అనుకుని వదిలేస్తుంది."

"ఆ ఇంకెవరు ఎవరు?"

"ఎవరూ లేరు పెద్దమ్మా. తన కొమ్మ ఖాళీగా ఉంది కాబట్టి, మామూలుగా ఆగినట్టే కాస్త ఆగుతుంది. నా బల్ల మీద పెట్టెలన్నీ కావాలనే అలా ఆగేటట్టు పెట్టుకుంటాను, వాటితో మాట్లాడాలి కదా. ఆగడం చూసీ చూసీ నా కన్ను అలవాటుపడిపోయింది. మొన్న పంపు హౌసులో తెర మీద అది ఆగడం నా ఎదురుగానే కనబడింది. నాకు తప్పని తోచలేదు."

నా బుర్ర గిర్రున తిరిగింది. పిలవనివాళ్లు, వినేవాళ్లు లేని కొమ్మ, చూస్తే బాగుండి చూడకపోతే చెడేది. దయ్యాల కథలాగే ఉంది కానీ మధ్యలో మిక్సీ ఉంది.

బాబాయి పంపు హౌసుకు వెళ్లిపోయాక ఆమె కంపెనీ పెద్దాయనకు ఫోను చేసింది. ఆయన గొంతు గది అవతలికి కూడా వినబడింది. "ఒక్క లైనేగా, మార్చేసి గోడకు తగిలించెయ్యి. ఎవరితోనూ ఏమీ అనకు. ఇంకా ఎన్ని ఊళ్లలో ఆ పెట్టెలున్నాయో తెలుసుగా?" అన్నాడు. అత్తగారు నా చెవిలో, "ఆయన చెప్పినట్టు చేస్తే పోలేదా వదినా, ఉద్యోగం ఉంటుంది" అంది. నాకూ అలాగే అనిపించింది.

ఈలోగా కిందినుంచి బాబాయి భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. సూపర్‌వైజరు పంపు హౌసుకు వచ్చి, గోడ మీద పెట్టె లేదని చూసి, ఆఫీసు సామాను బయటికి పంపించావని బాబాయి మీద విరుచుకుపడ్డాడట. సాయంత్రానికల్లా గది తాళం తెచ్చి ఆఫీసులో ఇచ్చెయ్యమన్నాడట. నిద్రకు తోడు దొంగతనం కూడా చేరింది.

బోర్డు కోడలు పెట్టె సంచిలో పెట్టింది. కంప్యూటరు తీసుకుంది. "పెద్దమ్మా, మీ మిక్సీ కూడా కావాలి" అంది.

నీళ్ల ఆఫీసులోకి మిక్సీ చంకలో పెట్టుకుని వెళ్లిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. సూపర్‌వైజరు ముందు నన్ను చూశాడు, తర్వాత మిక్సీని చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"మిక్సీ అండీ" అన్నాను.

"అది కనబడుతోంది."

బోర్డు కోడలు పెట్టె ఆయన బల్ల మీద పెట్టింది. "తప్పు నాదండీ. పంపు బాబాయిది కాదు. నేను చెట్టులో మాట తప్పు కొమ్మ మీద పెట్టాను" అంది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పంపు హౌసులో చెట్టెక్కడుంది?"

"పెట్టెలోనండీ."

"పెట్టెలో చెట్టుందా?"

"మీరు అడక్కండి, మేం అడిగి చూశాం" అన్నాడు, తాళం ఇవ్వడానికి అప్పటికే అక్కడికొచ్చి నిలబడ్డ పంపు బాబాయి. అంత భయంలోనూ ఆ మాట ఎలా వచ్చిందో నోట.

ఆమె ఇక చెప్పడం మానేసి చేసి చూపించింది. నేను మిక్సీ తిప్పాను. ఆఫీసులో అందరూ లేచి నిలబడ్డారు. పెట్టె ఎర్రగా ఉండిపోయింది. ఆమె అప్పుడు కంప్యూటరు తగిలించి మాటను దాని చోటికి మార్చి, తీగ పీకేసింది. నేను మళ్లీ తిప్పాను. ఆగకుండా పచ్చదీపం. సూపర్‌వైజరు తనే లేచి మిక్సీ తిప్పి చూశాడు. పచ్చదీపమే. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది. మేడ మీద నాకున్న అయోమయమంతా ఇప్పుడు ఆయనకు పట్టుకుంది.

"ఇదంతా నాకు తెలియదమ్మా. ఒక్కటి చెప్పు. ఆ పొద్దుల్లో ఇతను మేలుకునే ఉన్నాడా?"

"ఉన్నాడండీ. పెట్టె ముందే కూర్చుని ఉన్నాడు. పెట్టె బయటికి వచ్చింది కూడా నేనడిగితేనే."

ఆయన బాబాయి చేతిలోని గది తాళం వైపు చూసి, "అది జేబులో పెట్టుకోవయ్యా" అన్నాడు.

ఇదీ జరిగింది. కంపెనీ వాళ్లు ఆమెను గెంటెయ్యలేదు. పెద్దాయన ఆమెతో మాట్లాడటం మానేశాడు, కొత్త పెట్టెల పని ఇంకొకరికి ఇచ్చాడు. ఊరూరా తిరిగి ఉన్న పెట్టెల్లో ఆ మాటను దాని చోట పెట్టి రమ్మన్నాడు. అందుకే ఆమె ఇంట్లో కనబడటం లేదు. అందుకే గెంటేశారనుకుంటున్నారు. అత్తగారు వంటింటి డబ్బాలు తనకిష్టమైనట్టు పెట్టుకుని, కోడలు ఎప్పుడొస్తుందా అని కిటికీ దగ్గర కూర్చుంటోంది.

మొన్న ఆమె ఒక ఊరినుంచి వచ్చి ఇంకో ఊరికి బయల్దేరుతుంటే మెట్ల దగ్గర పట్టుకున్నాను. భుజానికి సంచి, మొహం వాడిపోయి ఉంది. ఇన్నాళ్లూ చుట్టూ తిప్పి అడిగాను గానీ ఆ రోజు సూటిగానే అడిగేశాను.

"అమ్మాయ్, నిజం చెప్పు. ఒక్క లైను మార్చి, పెట్టెను తెచ్చి గోడకు తగిలించేసి, సంగతి తెలియక నేనే పట్టుకెళ్లానని నువ్వు ఏదో ఒకటి చెబితే సరిపోయేది. పంపు లేచేది, బాబాయి గది ఆయనకుండేది, నీ పని నీకుండేది. తప్పు నాదని ఎందుకు చెప్పావే?"

ఆమె సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"లైను మార్చి ఊరుకుంటే పంపు రోజూ లేచేది పెద్దమ్మా. అప్పుడు కుళాయి దగ్గర ఏమనుకునేవాళ్లు? సూపర్‌వైజరు గట్టిగా అరిస్తేగానీ ముసలాయనకు మెలకువ రాలేదు అనుకునేవాళ్లు. వాళ్లావిడ కూడా అదే అనుకునేది."